కాలు ఎటువైపు సన్నబడాలి

పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన ద్వారబంధాల కర్రతో నాలుగేళ్ళ కిందట చదువుకునే బల్ల ఒకటి చేయించుకున్నాను. మంచి టేకు, నిండా చేవ. బొమ్మ నేనే గీసిచ్చాను. కాళ్ళు పైన అంగుళం ఆరు నూళ్ళ చదరం, నేల దగ్గర ఏడు నూళ్ళు. పైనుంచి కిందికి నాలుగు పక్కలా సమానంగా సన్నబడాలని పక్కనే రాశాను. ఆచారి గారు నా బొమ్మను ఒక్క నూలు కూడా తప్పకుండా చేసి తెచ్చారు. బల్లను వరండాలో నిలబెట్టి ఇద్దరం చుట్టూ తిరిగి చూశాం. మూలమట్టం ఎక్కడ ఆనించినా సరిపోయింది. కానీ బల్ల మాత్రం చలికి మోకాళ్ళు దగ్గరికి లాక్కున్న మనిషిలా ముడుచుకుని కనిపించింది.

“కాళ్ళు లోపలికి పోయినట్టు లేవూ, బాబూ?” అన్నారాయన.

పోలేదు. గుండుదారం వేలాడదీసి చూశాం. ప్రతి కాలూ నిటారుగానే ఉంది. తప్పు పనిది కాదు, నా బొమ్మది. నాలుగు పక్కలా సన్నబడిన కాలికి బయటి అంచు కూడా లోపలికి వాలుతుంది. బల్లను చూసేటప్పుడు మన కన్ను కాలి నడుమను పట్టించుకోదు, బయటి అంచును పట్టుకుని కిందికి దిగుతుంది. పైపలక మూల దగ్గర బయల్దేరిన చూపు నేలను చేరేసరికి లోపలికి జరిగిపోతే పైన బరువు, కింద ఇరుకు అనిపిస్తుంది.

ఆ బల్ల పెట్టిన చిక్కుతోనే రెండు రకాల కాళ్ళను పక్కపక్కన పెట్టి చూడడం మొదలుపెట్టాను. ఒకటి, అమెరికాలో షేకర్లు అనే మతశాఖవారు పందొమ్మిదో శతాబ్దంలో తమ వాడకానికి చేసుకున్న చిన్న బల్లలది. రెండోది, 1950లలో, 60లలో చండీగఢ్ కోసం పియెర్ జానెరె అనే వాస్తుశిల్పి గీసిన టేకు సామానుది. ఒకటి సన్యాసుల్లాంటి మనుషుల సత్రాల్లో పుట్టింది, ఇంకొకటి కొత్తగా కడుతున్న రాజధాని కార్యాలయాల్లో. అయినా రెండూ మామూలు వాడకం కోసం చేసినవే. రెండింటి మీదా చెక్కిన పువ్వు లేదు, పొదిగిన తీగ లేదు, ఇత్తడి తొడుగు లేదు. చెప్పవలసిందంతా ఆ సన్నబడడంలోనే చెప్పాయి. అందుకని వీటిని పోల్చడంలో అలంకారం అడ్డు రాదు.

షేకర్ కాలు సొంతంగా పుట్టింది కాదు. దాని పూర్వీకులు ఇంగ్లండులో ఉన్నారు. జార్జ్ హెపుల్‌వైట్ అనే లండన్ వడ్రంగి 1786లో చనిపోయాడు. రెండేళ్ళకు, 1788లో, ఆయన భార్య ఆలిస్ ఆయన నమూనాల పుస్తకాన్ని అచ్చు వేయించింది. ఆయన చేతి పని అని ఖాయంగా చెప్పగల వస్తువు ఒక్కటీ మిగల్లేదు గానీ, ఆ పుస్తకంలోని చదరపు టేపరు కాలు మాత్రం సముద్రం దాటింది. అంతకు ముందటి తరం బల్లలకు సింహం పంజాలో, ఒంపులు తిరిగిన మోకాళ్ళో ఉండేవి. ఈ కొత్త కాలు తిన్నగా దిగి, కొసకు సన్నబడి, తరచు అడుగున చిన్న పార ఆకారంలో ముగిసేది. మహాగని కర్రలో తెల్లటి సన్నని చెక్క తీగలు పొదిగి, పూలగంటలు వేలాడదీసి, ధనవంతుల భోజనశాలలకు పంపేవారు.

1774లో మాంచెస్టర్ వైపు నుంచి ఆన్ లీ అనే స్త్రీ ఎనిమిదిమంది అనుచరులతో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగింది. అమెరికాలో షేకర్ల శాఖ వాళ్ళతోనే మొదలైంది. పెళ్ళి లేదు, సొంత ఆస్తి లేదు, అందరిదీ ఒకే వంట, ఒకే పని. న్యూ లెబనాన్, హాన్‌కాక్, కాంటర్‌బరీ లాంటి ఊళ్ళలో వాళ్ళ సమాజాలు వెలిశాయి. వాళ్ళలో చేరినవారిలో బయటి ప్రపంచంలో వడ్రంగం నేర్చి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ చేతులకు హెపుల్‌వైట్ తరహా కాలు తెలుసు. కొత్త జీవితంలో వాళ్ళు దాన్ని పారేయలేదు, దాని మీద ఉన్నదాన్ని పారేశారు. తీగలు పోయాయి, పూలగంటలు పోయాయి, అడుగున పార పోయింది. 1845లో రాసుకున్న నియమావళిలో సోకు కోసం మాత్రమే చేసే పూసల అంచులు, గట్లు, కొసపట్టీలు చేయకూడదని ప్రత్యేకంగా చెప్పుకున్నారు. నగలన్నీ తీసేసిన తర్వాత అసలు మనిషి పోలిక బయటపడ్డట్టు, ఆ కాలి రూపం అప్పుడు బయటపడింది.

ఆ రూపంలో నన్ను ఆపేది ఒక్క సంగతి. షేకర్ల చిన్న బల్లల్లో, కుట్టుపని బల్లల్లో, చదరపు కాలు తరచు రెండు పక్కల మాత్రమే సన్నబడుతుంది, అదీ లోపలి రెండు పక్కల. (తరిమెన పట్టిన గుండ్రటి కాళ్ళూ వాళ్ళు చేశారు, వాటి సంగతి వేరు.) వీధిని చూసే రెండు ముఖాలూ పైనుంచి కిందిదాకా నిటారు. ఒకదాన్నొకటి చూసుకునే ముఖాలు, అంటే కూర్చున్నవాడి మోకాళ్ళను చూసేవి, అవి మాత్రమే వెనక్కి తగ్గుతాయి. దాంతో కన్ను బయటి అంచు వెంట తిన్నగా నేలకు దిగుతుంది. కాలి నడుమ మాత్రం ఒక్క పిసరు బయటికి వాలుతుంది. బల్ల కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా కుదురుగా ఉంటుంది. నా బల్లకు లేనిది ఆ కుదురే. పైనా కిందా అవే కొలతలు పెట్టి, తీసే చెక్కను లోపలివైపుకే పరిమితం చేసి ఉంటే బల్ల ముడుచుకునేది కాదు.

ఎంత చెక్క తీస్తున్నాం? 44 మిల్లీమీటర్ల చదరం కిందికి వచ్చేసరికి 22 అవుతుందనుకుందాం. సన్నబడే భాగం రెండడుగులు, అంటే దాదాపు 600 మిల్లీమీటర్లు. లెక్క కడితే ఆ భాగంలో నూటికి 42 పాళ్ళు చెక్క పోతుంది. వినడానికి ఎక్కువే. కాటాలో పెడితే, టేకులో కాలికి 300 గ్రాముల పైచిలుకు. నాలుగు కాళ్ళకూ కలిపి కిలోంపావు. కర్ర ఆదా కోసం ఎవరూ ఇంత పని పెట్టుకోరు. తీసిన చీలికలు ఎలాగూ పొయ్యిలోకే. కాలును సన్నగా చేయడం వెనక వేరే లెక్క ఉంది. దాన్ని తెలుసుకోవాలంటే బల్లను చేత్తో తోసి చూడాలి.

బల్ల అంచు పట్టుకుని పక్కకు తోయండి. కాలి అడుగు నేల మీద ఊరికే ఆని ఉంది, అక్కడ దాన్ని పట్టి వంచేది ఏమీ లేదు. పైన మాత్రం, పైపలక కింద చుట్టూ తిరిగే చుట్టుపట్టె కొసనున్న కూసం కాలి బెజ్జంలో దూరి బిగిసి ఉంది. తోపు అంతా అక్కడికి చేరి వంచడానికి చూస్తుంది. అంటే వంపు ఒత్తిడి నేల దగ్గర సున్నా, పైకి పోయేకొద్దీ సమానంగా పెరిగి కూసం దగ్గర అత్యధికం. పీఠాల కూసాలు కదిలాయని మన పత్రికలు రాజకీయాల్లో రాసే మాట వడ్రంగంలో అక్షరాలా నిజం. బల్ల ఎప్పుడు ఊగినా ఊగేది అక్కడే. కాబట్టి పైన లావు, కింద సన్నం అన్నది ఒత్తిడి గీసిన బొమ్మే. మరి నిలువు బరువు? దానికి కింది సన్నదనం భయపడనక్కర్లేదు. 22 మిల్లీమీటర్ల చదరపు టేకు కొసను పోగు వెంట నిలువుగా నొక్కి నలగ్గొట్టాలంటే రెండు టన్నుల పైమాటే. ఇంట్లో బల్ల మీద అంత బరువు ఎవరూ పెట్టరు.

ఇంకొక వివరం చేతిపని తెలిసినవాళ్ళకే కనబడేది. షేకర్ కాలు పైనుంచే సన్నబడడం మొదలుపెట్టదు. చుట్టుపట్టె ఉన్నంత మేర చదరంగానే ఉండి, పట్టె దిగువన అర అంగుళమో అంగుళమో వదిలి, అక్కడ మొదలవుతుంది. కూసం దూరే బెజ్జం చుట్టూ చెక్క మందంగా, పట్టె ఆనే ముఖం సమంగా ఉండాలి కదా. అందుకే చేసేవాడు ముందు బెజ్జాలు తొలిచి, పట్టెలు అమర్చి చూసుకుని, ఆ తర్వాతే టేపరు కోస్తాడు. వరస తప్పితే కాలుకు సమంగా ఆనే ముఖమే మిగలదు, మూలమట్టం పెట్టే చోటు ఉండదు. మొదటి ముఖం కోయగా వచ్చిన చీలికను కాగితం పట్టీతో మళ్ళీ అక్కడే అతికించి, దాని ఆసరాతో కాలును సమంగా పడుకోబెట్టి రెండో ముఖం కోసే పద్ధతి ఉంది. పారేయవలసిన ముక్క కాసేపు పనివాడికి పీట అవుతుంది. తర్వాత చిత్రిక. పట్టేటప్పుడు ఎప్పుడూ లావు వైపు నుంచి సన్నం వైపుకే పట్టాలి. టేపరు కోసినప్పుడు చెక్క పోగులు ఏటవాలుగా తెగుతాయి. సన్నం వైపు నుంచి పైకి పట్టారా, చిత్రిక అలుగు పోగుల కిందికి దూరి పేళ్ళు లేపుతుంది. లావు నుంచి కిందికి పడితే పొట్టు పలచగా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది, ముఖం నిగనిగలాడుతుంది.

ఇంత శ్రద్ధ ఎవరి కోసం? నా జవాబు, కూర్చునేవాడి కోసం. షేకర్లు పొడవాటి భోజనం బల్లలకు సాధారణంగా ఈ నాలుగు కాళ్ళ పద్ధతి వాడలేదు. రెండు చివర్లా ఒక్కో నిలువు ఆసరా పెట్టి, ఆ రెండింటినీ కలిపే దూలాన్ని నేల దగ్గర కాకుండా పైపలకకు ఆనుకునేలా పైకి ఎత్తారు. మోకాళ్ళకు, పాదాలకు చోటు కావాలి కదా. లోపలి ముఖాలను సన్నం చేసిన ఆలోచనా, దూలాన్ని పైకెత్తిన ఆలోచనా ఒకటే. బల్ల కింద ఎవరో ఉంటారు, వాళ్ళకు దారి ఇవ్వాలి అన్న ఆలోచన అది.

చండీగఢ్ కాలును దీని పక్కన నిలబెట్టగానే మొదట తెలిసేది ఇది పక్కనుంచి చూడడానికి పుట్టిందని. రెండు కాళ్ళు పైన కలిసి, కింద విడిపోయి, లెక్కల పెట్టెలోని వృత్తలేఖిని తెరిచి నేల మీద పెట్టినట్టు ఉంటాయి. కలిసిన చోట వెడల్పు, నేల దగ్గర సన్నం. కుర్చీల్లో ఈ రూపం అందరికీ తెలుసు. కార్యాలయాల, గ్రంథాలయాల బల్లల్లోనూ ఈ వృత్తలేఖిని కాలు కనిపిస్తుంది. నేను దీన్ని తాకి చూసింది చండీగఢ్ సెక్టార్ 5లో. జానెరె నివాసం ఉన్న ఇల్లు అక్కడ ఇప్పుడు మ్యూజియం. కాలు పక్క ముఖం మీద చూపు నడిపితే బలంగా, తీరుగా, దూకబోయే జంతువు కాలులా ఉంది. ఒక అడుగు పక్కకు జరిగి ముందు నుంచి చూశాను. ఆ లావు మాయమైంది. అదే కాలు పైనా కిందా ఒకే మందం ఉన్న పలక ముక్కలా నిలబడి ఉంది. సన్నబడడమంతా ఒక్క తలంలోనే ఉంది.

ఈ ఒక్క తలం సంగతి నాకు ముఖ్యం. షేకర్ కాలు రెండు దిక్కుల్లో సన్నబడుతుంది. చుట్టూ నడిచి ఎటునుంచి చూసినా అది అదే కాలు. చండీగఢ్ కాలు ఒక దిక్కులో మాత్రమే ఆలోచించింది. దానికి కారణం ఉంది, ఆ కారణం గౌరవించదగినది. వాస్తుశిల్పి లె కార్బుజియె రాజధాని నగర నమూనా వేస్తే, ఆయన దగ్గరి బంధువు జానెరె 1951 నుంచి 1965 దాకా అక్కడే ఉండిపోయి రోజువారీ పని చూశాడు. సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయం, ఉద్యోగుల ఇళ్ళు, అన్నింటికీ ఒకేసారి సామాను కావాలి. పెద్ద కర్మాగారం లేదు, చిన్న చిన్న వడ్రంగి కొట్లు ఉన్నాయి. ఊర్మిళా యూలీ చౌదరి లాంటి భారతీయ వాస్తుశిల్పుల చేయి కూడా ఈ సామానులో ఉంది. అలాంటప్పుడు నమూనా చెక్క ఒకటి కోసి ఇస్తే చాలు. పలక మీద దాన్ని పెట్టి గీత గీసి, రంపంతో కోస్తే కాలు వస్తుంది. ఒకే మందం పలక, ఒకే తలంలో కోత. ఏ కొట్లో ఏ చేయి కోసినా రూపం నిలుస్తుంది. నిజానికి కొట్టు మారితే లావు మారింది, వంపు మారింది. ఒకే రకం కుర్చీలు రెండు పక్కన పెడితే అచ్చంగా ఒకేలా ఉండవు. అయినా చూడగానే అవే అని గుర్తుపడతాం. అంత గట్టి గీత గీయడం చిన్న విద్య కాదు.

ఆ గీత ఎక్కడిది? జానెరె అంతకుముందు ఫ్రాన్స్‌లో జాన్ ప్రూవేతో కలిసి పనిచేశాడు. ప్రూవే లోహపు రేకు మనిషి. 1934 నాటి ఆయన కుర్చీలో వెనక కాళ్ళు కూర్చునే పలక ఎత్తు దగ్గర ఉబ్బి, అటు కిందికీ ఇటు పైకీ సన్నబడతాయి. కూర్చున్నవాడు వెనక్కి వాలినప్పుడు ఒత్తిడి పడేది అక్కడే కనుక లావూ అక్కడే. వృత్తలేఖినిలా విడిపోయే లోహపు కాళ్ళ బల్లలూ ఆయన చేశాడు. ఒత్తిడిని రూపంలో చూపించాలన్న ఆ తరం పట్టుదల రేకులోంచి చండీగఢ్ టేకులోకి దిగిందని నేను అనుకుంటాను.

అయితే ఒత్తిడి నిజంగా అలాగే నడుస్తోందా? ఇక్కడ నేను ఆశించనిది ఒకటి తేలింది. తిరగేసిన ఈ జంటకాలును దాని తలంలోనే పక్కకు తోస్తే, నేల మూడో భుజంగా త్రిభుజం ఏర్పడుతుంది. త్రిభుజం తోపుకు వంగదు, కాళ్ళలో పడేది వాటి పొడవు వెంట నడిచే ఒత్తిడే. అంటే ఏ తోపు కోసమైతే షేకర్ కాలు పైన లావుగా ఉందో, ఆ తోపుకు దీనికి ఆ లావు అక్కర్లేదు. లావు పనికొచ్చేది బరువు పడినప్పుడు. మీద బరువు పడితే రెండు పాదాలూ దూరం జరగాలని చూస్తాయి. గరుకు నేల అయితే ఆపుతుంది. మన కార్యాలయాల నున్నటి మొజాయిక్ నేల అంతగా ఆపదు. అప్పుడు కాళ్ళు కలిసిన చోటు విడివడకుండా పట్టి ఉంచేది అక్కడి వెడల్పే. ఒక కాలు తోపుకు లావైంది, ఇంకొకటి బరువుకు లావైంది. రెండూ పైన లావు, కింద సన్నం. చూపుకు బంధువులే గానీ చేస్తున్న పనులు వేరు.

ఇక ఆ తలానికి అడ్డంగా తోస్తే? చండీగఢ్ కాలుకు అటువైపు త్రిభుజం లేదు, లావూ లేదు. పలక మందం ఎంతో అంతే. అటు దిక్కున భారమంతా అడ్డపట్టెలదీ కూసాలదీ. ఇంజనీరు ఆలోచనకు ప్రతినిధిగా పేరు పడ్డ కాలు ఒక దిక్కును పట్టెలకు వదిలేసింది. యాంత్రిక శాస్త్రం ఎన్నడూ చదవని మఠం వడ్రంగి చేసిన కాలు రెండు దిక్కులా వచ్చే తోపుకు సిద్ధంగా ఉంది. రూపబలంలో చండీగఢ్‌కు నా మొదటి ఓటు. నిలబడే తీరులో షేకర్ కాలుకే. రోజూ మోకాళ్ళు దూర్చి కూర్చునే బల్ల దగ్గర నాకు రెండోదే ముఖ్యం.

షేకర్ కాలుకూ హద్దు ఉంది. చిన్న బల్లకు ప్రాణం పోసిన సన్నదనం ఐదారు అడుగుల బల్లకు పెడితే, పొడవాటి పైపలక కింద నాలుగు పుల్లలు గుచ్చినట్టు ఉంటుంది. కాలి మందాన్ని పలకతోపాటు పెంచితే సన్నబడే వాలు మొరటుగా తేలుతుంది. పెద్ద బల్లలకు వాళ్ళు వేరే దారి పట్టడంలోనే ఆ హద్దు వాళ్ళకు తెలుసని అర్థమవుతుంది. ఇవాళ షేకర్ శైలి అని చెప్పి ఎనిమిదిమంది కూర్చునే భోజనం బల్లకు అవే కాళ్ళు తగిలించి అమ్ముతున్నప్పుడు, అమ్మేవాళ్ళు ఆ హద్దును దాటేశారు.

ఈ రెండూ కాక మన ఇళ్ళలోకి వచ్చిన మూడో కాలును తలుచుకోకుండా ఉండలేను. 1980లలో టీవీ వచ్చిన ఇళ్ళవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తలుపులు పక్కకు జరిపే చెక్కపెట్టె, దాని అడుగున బయటికి వాలిన నాలుగు గుండ్రటి టేపరు కాళ్ళు. యూరప్‌లో, అమెరికాలో 1950లలో బాగా ప్రబలిన వాడుక అది. కాలు పైన లావు, కింద సన్నం, అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కానీ పైన ఆ లావును పట్టి ఉంచేది ఒక్క మర. పెట్టె అడుగున బిగించిన ఇనుప బిళ్ళలో ఆ మర తిరుగుతుంది. ఒత్తిడి అత్యధికంగా పడే చోట కూసమూ లేదు, పట్టే లేదు, వేలెడు ఇనుప మర ఉంది. కొన్నాళ్ళకు అది వదులై కాలు ఊగేది. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం సినిమా మొదలయ్యే ముందు మా నాన్నగారు వంగి ఆ కాళ్ళను తిప్పి బిగించేవారు. సన్నబడడాన్ని తీసుకుని దాని వెనక ఉన్న లెక్కను వదిలేస్తే ఏమవుతుందో నేను మొదట చూసింది అక్కడే.

షేకర్ల నుంచి పాఠం తీసుకున్నవాళ్ళు డెన్మార్క్‌లో ఉన్నారు. బోర్గె మోగెన్‌సెన్ 1947లో చేసిన జె39 కుర్చీకి షేకర్ కుర్చీయే మూలం. అతను రూపాన్ని మాత్రమే కాక, తక్కువ ధరకు ఎక్కువమందికి అందాలన్న పట్టుదలనూ తీసుకున్నాడు. ఆ కుర్చీ ఇప్పటికీ తయారవుతోంది.

చండీగఢ్ సామాను గతి వేరు. వాడి వాడి, పాలిష్ పోయి, కేన్ అల్లిక తెగి, ప్రభుత్వ భవనాల డాబాల మీదకు, పెరళ్ళలోకి చేరింది. పాత సామానుగా లెక్కగట్టి వేలం వేశారు. కొన్నవాళ్ళ నుంచి అది ఐరోపా వేలంశాలలకు వెళ్ళింది. అక్కడ ధర ఎన్నో రెట్లు పలికింది. 2011లో కేంద్ర హోంశాఖ దీన్ని వారసత్వ సంపదగా చెప్పి అమ్మకాన్ని, ఎగుమతిని ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. 2013లో ఏమీ సీగల్ అనే అమెరికన్ కళాకారిణి ‘ప్రావెనెన్స్’ అనే సినిమా తీసింది. అందులో కథ వెనక్కి నడుస్తుంది. మొదట సంపన్నుల ఇళ్ళలో వెలుగుతున్న కుర్చీలు, తర్వాత వేలం, తర్వాత మరమ్మతు, ఓడ ప్రయాణం, చివరికి చండీగఢ్ కార్యాలయాలు. ఆ చివరి దృశ్యాల్లోనే ఆ కాళ్ళు తమ చోట ఉన్నట్టు నాకనిపించింది.

షేకర్ వస్తువులకూ వేలంశాలల్లో పెద్ద ధరలే పలికాయి. కానీ ఒక తేడా ఉంది. షేకర్ సమాజాలు చిన్నవై, ఒక్కొక్కటే మూతపడుతుంటే ఆ వస్తువులు బయటికొచ్చాయి. చేసినవాళ్ళు లేకపోయాక అమ్ముడైనవి అవి. చండీగఢ్ సామాను, వాడేవాళ్ళు ఇంకా అదే భవనాల్లో కూర్చుని ఉండగానే, కింద నుంచి లాగేసినట్టు పోయింది. బల్ల అడుగుల మీద, కుర్చీ వెనకల మీద తెల్లరంగుతో వేసిన శాఖల పేర్లు, లెక్క నంబర్లు ఉంటాయి. ఇవాళ కొనేవాళ్ళు ఆ అక్షరాలనే అసలైనదన్న ఋజువుగా వెతుకుతారు. గుమాస్తా సామాను తప్పిపోకూడదని వేసిన గుర్తు, అది ఊరు దాటిపోయాక దాని ధర పెంచుతోంది. ఈ సంగతి తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

నా బల్ల సంగతికి వస్తే, నాలుగు పక్కలా కోసేసిన కాళ్ళకు చెక్క మళ్ళీ అతికించలేం. కొత్త కాళ్ళు చేయడానికి ద్వారబంధం కర్ర ఇంకా రెండు ముక్కలు మిగిలి ఉండింది. ఆచారి గారు దాని చివరి కోత చూశారు. వలయాలు మూల నుంచి మూలకు ఏటవాలుగా పోతున్న చోటును ఏరి, అక్కడి నుంచే నాలుగు కాళ్ళకు కర్ర చీల్చారు. అలా చీల్చిన కాలుకు నాలుగు ముఖాల మీదా పోగు గీతలు తిన్నగా దిగుతాయట. ఒక ముఖం మీద తిన్నని గీతలు, పక్క ముఖం మీద అలలు అన్న తేడా రాదట. ఇది నా బొమ్మలో లేదు, నేను చదివిన దాంట్లోనూ అప్పటికి లేదు. చీల్చాక చూశాను, ఆయన చెప్పినట్టే ఉంది.

బెజ్జాలు తొలిచాక, కోతకు ముందు, నాలుగు కాళ్ళనూ బల్ల మీద ఎలా నిలబడతాయో అలా కలిపి నిలబెట్టారు. చెవి మీది పెన్సిల్ తీసి, ఒకదాన్నొకటి చూసుకునే ముఖాల మీద మాత్రం పెద్ద ఇంటూ గుర్తులు పెట్టారు.

“ఈ గుర్తు ఉన్నవే కోయాలి బాబూ. బయటివి ముట్టుకోకూడదు. నాలుగు కాళ్ళూ ఒకేలా ఉంటాయి కదా, రంపం పట్టాక ఏది లోపలో ఏది బయటో చేతికి తెలీదు” అన్నారు.

మొదటి మూడు కాళ్ళూ ఆయనే కోసి చిత్రిక పట్టారు. నాలుగోదానికి చిత్రిక నా చేతికి ఇచ్చారు. లావు వైపు నుంచి మొదలుపెట్టాను. నాలుగైదు సార్లు పట్టాక పెన్సిల్ గుర్తు పొట్టుతోపాటు లేచి వచ్చింది. ముక్కలైన ఇంటూ గీత పలచటి చుట్టలో కనిపిస్తూ నా కాళ్ళ దగ్గర పడింది. పైన, పట్టె దిగువన వదిలిన అంగుళం చదరంలో మాత్రం ఆ గీత కొస మిగిలిపోయింది. పాలిష్ వేసేటప్పుడు దాన్ని చెరిపేయబోతే వద్దన్నాను. కుర్చీలో వెనక్కి వాలి, వంగి కిందికి చూస్తే తప్ప అది కనబడదు.